చివరి కుళాయి దగ్గర అంకె

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్‌టన్ అని ఒక చిన్న ఊరుంది. 2000 సంవత్సరం నాటికి అక్కడి జనాభా ఐదు వేలకు కాస్త తక్కువ. ఆ ఊరికి నీళ్లిచ్చే సిబ్బంది బావుల దగ్గర రోజూ ఒక రిజిస్టరు రాయాలి. నీళ్లలో ఇంకా ఎంత క్లోరిన్ మిగిలి ఉందో కొలిచి, ఆ అంకె గడిలో వేయాలి. ఏళ్ల తరబడి ఆ గడుల్లో దాదాపు రెండే అంకెలు కనిపిస్తాయి: లీటరుకు 0.5 మిల్లీగ్రాములు, లేదంటే 0.75. మంచు కరిగే రోజులైనా, వానలు ముంచెత్తే రోజులైనా అవే. చాలా రోజులు అక్కడ ఎవరూ కొలవనే లేదు. కొలవకుండానే రాశారు.

2000 మే నెలలో ఆ ఊళ్లో కుళాయి నీళ్లు తాగి ఏడుగురు చనిపోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. పెద్ద నగరాలకొచ్చే కష్టాల గురించి పత్రికలు రాస్తూనే ఉంటాయి. వాకర్‌టన్ లాంటి ఊరి అనుభవం మన చిన్న పట్టణాలకు అంతకంటే దగ్గరగా ఉంటుంది. ఇంజినీర్లు తక్కువ, పాతకాలపు పైపులు, ఒకరిద్దరు మనుషుల మీద నడిచే సరఫరా, నీళ్లు బాగానే ఉన్నాయన్న నమ్మకం. ఇవన్నీ మనకూ తెలిసినవే.

వానలు కురిసిన వారం

వాకర్‌టన్‌కు మూడు బావుల నుంచి నీళ్లు వచ్చేవి. వాటిలో అయిదో నంబరు బావిది తక్కువ లోతు. పగుళ్లున్న రాతిపొరల్లోంచి ఊట వచ్చేది. పక్కనే పశువుల పొలం. పైన కురిసిన వాన ఎక్కువ వడకట్టు లేకుండానే కిందికి దిగే చోటు అది. 1978లో ఆ బావి తవ్వినప్పటి నుంచీ ఈ ముప్పు కళ్లెదుటే ఉంది.

మే 8 నుంచి 12 వరకు ఎడతెరిపి లేని వానలు పడ్డాయి. పొలంలో వేసిన పశువుల ఎరువు నుంచి ఈ.కోలై ఓ157 అనే ప్రమాదకరమైన సూక్ష్మజీవి వాననీటితో పాటు బావిలోకి దిగింది. ఆ రైతు పద్ధతి ప్రకారమే ఎరువు వేశాడనీ, అతని తప్పేమీ లేదనీ తర్వాత విచారణలో తేలింది.

మే 15న నీటి నమూనాలు ప్రయివేటు ల్యాబుకు వెళ్లాయి. 17న ఫలితం వచ్చింది, నీళ్లు కలుషితమయ్యాయని. ల్యాబు ఆ సంగతి సరఫరా సంస్థకు పంపి ఊరుకుంది. ఆరోగ్య శాఖకు కూడా చెప్పాలన్న నిబంధన అప్పటికి లేదు. సంస్థ మేనేజరు ఆ కాగితాన్ని దాచి, తనే పైపుల్లో క్లోరిన్ పెంచి సర్దుకుందామనుకున్నాడు. ఒకట్రెండు రోజుల్లోనే పిల్లలకు రక్త విరేచనాలు మొదలయ్యాయి. ఆరోగ్య అధికారులు ఫోన్ చేసి అడిగితే నీళ్లు బాగానే ఉన్నాయని ఆయన జవాబిచ్చాడు. చివరికి మే 21, ఆదివారం నాడు, ఆరోగ్య శాఖ ఆయన మాట పక్కన పెట్టి, నీళ్లు కాచి తాగండని తనంతట తాను ప్రకటించింది. ఆ ప్రకటనను ఎత్తేసింది డిసెంబరు నెలలో.

ఆ మేనేజరూ, కింద పనిచేసే ఆయన సోదరుడూ ఆ ఊళ్లోనే పెరిగినవాళ్లు. ఆ నీళ్లే తాగారు. క్లోరిన్ కలపకముందు బావి నీళ్లు కూడా మంచివేనని నమ్మి తాగేవారు. క్లోరిన్ వాసన వస్తోందని జనం ఫిర్యాదు చేస్తే మోతాదు తగ్గించేవారు. సర్టిఫికెట్లు ఉన్నాయి గానీ, అవి పరీక్ష రాసి తెచ్చుకున్నవి కావు. ఎన్నాళ్లుగానో పనిచేస్తున్నారు కనుక ఇచ్చినవి. ఇద్దరూ తర్వాత నేరం ఒప్పుకుని శిక్ష అనుభవించారు. జస్టిస్ డెన్నిస్ ఓకానర్ నడిపిన విచారణ వాళ్ల దగ్గరే ఆగిపోలేదు. తనిఖీలు సరిగా చేయని పర్యావరణ శాఖనీ, ఖర్చు తగ్గించుకోవడానికి ప్రభుత్వ ల్యాబులు మూసేసి ప్రయివేటుకు వదిలేసిన రాష్ట్ర ప్రభుత్వాన్నీ కూడా తప్పుపట్టింది.

క్లోరిన్ మందే కాదు, సాక్షి కూడా

విచారణ తేల్చిన ఒక విషయం మన ప్రతి మునిసిపాలిటీకి తెలియాలి. అయిదో బావి దగ్గర క్లోరిన్‌ను ఎడతెగకుండా కొలిచే యంత్రం ఉండి ఉంటే ఈ విషాదం జరిగేది కాదని ఓకానర్ రాశారు.

కారణం తేలిగ్గా అర్థమవుతుంది. నీళ్లలో క్లోరిన్ కలిపినప్పుడు కొంత అక్కడి మలినాలనూ సూక్ష్మజీవులనూ చంపడంలో ఖర్చయిపోతుంది. తక్కినది మిగులు క్లోరిన్‌గా నీళ్లతో పాటు ప్రయాణిస్తుంది. నీళ్లు శుభ్రంగా ఉంటే మిగులు రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. హఠాత్తుగా మురుగు చేరితే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోయి, మిగులు పడిపోతుంది. నిన్న 0.5 ఉన్న అంకె ఇవాళ సున్నాకొచ్చిందంటే, ఏదో చెడు నీళ్లలో చేరిందని ఆ అంకే చెబుతోందన్నమాట. సూక్ష్మజీవుల పరీక్ష ఫలితం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. క్లోరిన్ పరీక్షకు నిమిషం చాలు.

వాకర్‌టన్‌లో ఆ వారం ఎవరైనా బావి దగ్గర నిలబడి ఒక్కసారి కొలిచి ఉంటే, గడిలో 0.75 పడే అవకాశమే లేదు. అలారం మోగింది. వినాల్సినవాళ్లు పాత అంకె రాసుకుని వెళ్లిపోయారు.

మన వీధికి వస్తే

నా చిన్నప్పుడు అమ్మ కుళాయికి తెల్లగుడ్డ కట్టేది. వానాకాలంలో రెండు బిందెలు నిండేసరికి ఆ గుడ్డ మట్టిరంగుకు తిరిగేది. నీళ్లు బ్లీచింగు వాసన కొడితే, ఇవాళ మందు ఎక్కువ కలిపారని విసుక్కునేవాళ్లం. వాసన లేకపోతే సంతోషించేవాళ్లం. వాకర్‌టన్ గురించి చదివాక ఆ సంతోషం గుర్తొచ్చి గుండె గుబేలుమంది. మేం ఇష్టపడింది ఏ రక్షణా మిగలని నీళ్లను కావచ్చు.

మన పట్టణాల్లో ముప్పు ఎక్కువగా దారిలోనే చేరుతుంది. చాలా ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో, రోజు మార్చి రోజో వదులుతారు. మిగతా సమయమంతా పైపులు ఖాళీగా ఉంటాయి. లోపల ఒత్తిడి లేనప్పుడు, పక్కనున్న మురుగుకాలువ నీళ్లు పగుళ్లలోంచీ వదులైన జాయింట్లలోంచీ లోపలికి జారతాయి. పైగా ఇంటింటా కుళాయికే మోటారు బిగించి లాగుతాం. మోటారు నీళ్లతో పాటు పైపు చుట్టూ ఉన్న మురుగును కూడా లాగుతుంది. కాలువలోంచే నడిపిన ఇంటి కనెక్షన్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురికి అంతా మొదటి బిందెల్లోకి వస్తుంది.

2018 మార్చిలో గుంటూరు పాత ప్రాంతాల్లో జరిగింది ఇదే. మురుగు కలిసిన కుళాయి నీళ్లు తాగి వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కనీసం పదిమంది చనిపోయారు. ఆ తర్వాత కూడా వేరే ఊళ్లలో అలాంటి వార్తలు ఆగలేదు. ప్రతిసారీ పైపులు మారుస్తారు, ట్యాంకర్లు పంపుతారు, వైద్య శిబిరం పెడతారు. నెల తిరిగేసరికి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత ఉందని అడిగే మనిషి ఉండడు.

తాగునీటికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 10500. మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలనీ, 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ.కోలై కనిపించకూడదనీ అది చెబుతోంది. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఆ అంకె వచ్చినా, కిలోమీటర్ల పైపు దాటి ఊరి చివరి వీధికి చేరేసరికి మిగులు ఉంటుందన్న హామీ లేదు. అందుకే కొలత ట్యాంకు దగ్గరతో ముగియకూడదు. లైను చివర, ఎత్తయిన చోట, కాలువ పక్కన ఉన్న కుళాయి దగ్గర కొలవాలి. అక్కడి అంకే నిజమైన అంకె.

ఒంటారియో ఏం మార్చుకుంది

విచారణ సిఫార్సుల మీద ఒంటారియో 2002లో సురక్షిత తాగునీటి చట్టం తెచ్చింది. అందులో నాలుగు మార్పులు మన పట్టణాలకు పాఠాల్లాంటివి.

మొదటిది, ల్యాబులో చెడు ఫలితం వస్తే వెంటనే ఆరోగ్య అధికారికి తెలియజేయాలి. ఆ ఫలితాన్ని ఏ ఒక్క ఆఫీసూ సొరుగులో దాచుకునే వీలు లేదు. రెండోది, నీళ్లు నడిపేవాళ్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి. అందుకోసం వాకర్‌టన్‌లోనే ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. తను పోగొట్టుకున్నవాళ్ల జ్ఞాపకంగా ఆ ఊరు ఇప్పుడు రాష్ట్రమంతటి సిబ్బందికి పాఠాలు చెబుతోంది. మూడోది, ప్రతి మునిసిపాలిటీ నీటి నాణ్యత మీద ఏటా నివేదిక బయటపెట్టాలి. నాలుగోది, తాగునీటి విషయంలో శ్రద్ధ చూపని మునిసిపల్ సభ్యులూ వ్యక్తిగతంగా బాధ్యులవుతారు. కౌన్సిల్లో చేయెత్తి కూర్చుంటే సరిపోదని చట్టం చెప్పింది.

కెనడాకు డబ్బుంది, మనకేది అనే మాట వస్తుంది. ఎడతెగకుండా కొలిచే యంత్రాలకు డబ్బు కావాలి, నిజమే. చేత్తో క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపు పెట్టె, అందులో వేసే చుక్కలమందు మాత్రం ఏ మునిసిపాలిటీకైనా భారం కాదు. పొరుగున ఉన్న ఒడిశా ఇంకో దారి చూపింది. మన యాత్రికులు ఏటా వెళ్లే పూరీలో 2021 జూలై నుంచి కుళాయి తిప్పి నేరుగా తాగగలిగే నీళ్లు రోజంతా ఇస్తున్నారు. రోజంతా పైపుల్లో ఒత్తిడి ఉంటే మురుగు లోపలికి జారే అవకాశం తగ్గుతుంది. ఆ రాష్ట్రంలో స్వయం సహాయక సంఘాల మహిళలు జలసాథీలుగా ఇంటింటికీ వెళ్లి నీళ్లు పరీక్షిస్తారు, మీటరు చూస్తారు, బిల్లు వసూలు చేస్తారు. కొలిచే మనిషి మన వీధిలోదే అయితే అంకె దాచడం కష్టం. మన రెండు రాష్ట్రాల్లో డ్వాక్రా మహిళల బలం ఏపాటిదో వేరే చెప్పక్కర్లేదు. అదే బలాన్ని నీళ్ల వైపు తిప్పితే చాలు.

ఇంట్లో మన వంతు

ఊరు మారేదాకా ఇల్లు ఊరికే కూర్చోలేదు. కుళాయికి నేరుగా మోటారు పెట్టకూడదు. నీళ్లు సంపులోకి చేరాక అక్కడి నుంచి పైకెక్కించుకోవాలి. సంపు సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి, మూత బిగువుగా ఉండాలి, ఏడాదికి రెండుసార్లయినా కడగాలి. కుళాయి వదిలిన మొదటి నీళ్లను తాగడానికి పట్టకూడదు. అనుమానం ఉన్న రోజు నీళ్లు కళపెళా మరిగాక కనీసం ఒక నిమిషం అలాగే ఉంచాలి. ఆర్ఓ యంత్రం ఉందని ధీమా పడొద్దు. అది మలినాలతో పాటు క్లోరిన్‌ను కూడా తీసేస్తుంది. ఆ తర్వాత మురికి బిందెలో పోస్తే ఆ నీళ్లకు రక్షణ ఉండదు. ఇరవై లీటర్ల క్యాను నీళ్లకూ ఇదే వర్తిస్తుంది.

ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో వాంతులు, విరేచనాలు కనిపిస్తే అది ఆ ఇంటి తిండి సంగతి అని వదిలేయకండి. వెంటనే ఆశా కార్యకర్తకో, వార్డు సచివాలయంలోనో చెప్పండి. విరేచనాలు పట్టుకున్న పిల్లలకు ఓఆర్ఎస్ పట్టించండి. వాకర్‌టన్‌లో మేనేజరు నిజం చెప్పి, కాచి తాగండన్న ప్రకటన రెండు రోజుల ముందే వచ్చి ఉంటే మూడు నాలుగు వందల మంది జబ్బుపడకుండా తప్పించుకునేవారని విచారణ లెక్కగట్టింది. రెండు రోజుల విలువ అంత.

ఇంత చేసినా ఇల్లు చివరి గోడే అవుతుంది, మొదటి గోడ కాదు. బావి దగ్గర, శుద్ధి కేంద్రం దగ్గర, పైపుల దగ్గర, పరీక్ష దగ్గర ఒక్కో గోడ ఉండాలి. ఒకటి కూలినా ఇంకొకటి ఆపాలి. మన ఊళ్లలో ఆ గోడలన్నీ లేకపోయేసరికి, పొయ్యి మీద నీళ్లు కాచే అమ్మే ఊరి శుద్ధి కేంద్రమయింది. గ్యాసు కొనలేని ఇంట్లో ఆ గోడ కూడా లేదు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. ప్రతి వార్డులో చివరి కుళాయి ఏదో గుర్తించండి. అక్కడ వారానికి రెండుసార్లయినా, వానాకాలంలో రోజూ, వీధిలోని ఇద్దరు ముగ్గురి ఎదుట క్లోరిన్ కొలవండి. ఆ అంకెను తేదీతో సహా సచివాలయం గోడ మీద రాయండి. సున్నా వస్తే సున్నా అనే రాయండి. సున్నా రాసినందుకు ఏ ఉద్యోగినీ శిక్షించకండి. అది చూసి కదలనివాళ్లను నిలదీయండి. వాకర్‌టన్ రిజిస్టరులో ఆ వారం సున్నా కనిపించి ఉంటే ఆ ఏడుగురిలో కొందరైనా బతికేవారేమో.