మైకు తగ్గిస్తే సువార్త ఆగిపోతుందా?



గత వారం మన యౌవనస్థులతో కోరింగ మడ అడవికి వెళ్ళాను. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది. చెక్కల బాట మీద నిలబడి ఒక తమ్ముడు ఫోన్‌లో శబ్దం కొలిచే యాప్ తెరిచాడు. పిట్టల కూతలు, ఆకుల గలగల కలిపి 40 డెసిబెల్స్ చూపించింది. ఇంతలో ఇంజను పడవ వచ్చింది. అంకె 70కి ఎక్కింది. పిట్టలు కూస్తున్నాయో మానేశాయో మాకు తెలియలేదు. ఫోన్ కొలత ఉజ్జాయింపే గానీ, 10 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి 10 రెట్లవుతుంది. 30 పెరిగితే 1000 రెట్లు!

అమెరికా జాతీయ పార్కుల శాఖ 2000 నుంచి ఈ పనిని ఒక కార్యక్రమంగా పెట్టుకుంది. అడవిలో రికార్డర్లు పెట్టి, సృష్టి శబ్దమెంత, మనిషి చప్పుడెంత అని విడదీసి కొలుస్తారు. అడవిని మూగగా ఉంచాలని కాదు, దాని గొంతు మన చప్పుడులో మునిగిపోకూడదని. కోరింగలోని నీటికుక్కలు కూడా ఒకదాన్నొకటి పిలుచుకునే బతుకుతాయి కదా.

ఆదివారం ఆరాధన వేళ ఆ తమ్ముడే మన మందిరం ఎదురింటి అరుగు మీద కొలిచాడు. 80 దాటింది. ఆ ఇంట్లో పక్షవాతంతో మంచాన పడిన తాతగారున్నారు. ఆయన కోడలు ఎప్పుడు అడిగినా "పర్లేదండి పాస్టరుగారూ" అనేది. ఆ మాటను నేను అనుమతి అనుకున్నాను. అది ఆమె ఓర్పు.

నివాస ప్రాంతాల్లో చట్టం ఒప్పుకునేది పగలు 55, రాత్రి 45. పొరుగువారి ప్రశాంతత చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసు చెన్నైలోని ఒక క్రైస్తవ సంఘానిదే.

"మిగతావాళ్ళు తగ్గిస్తున్నారా అయ్యగారూ? మనమే ఎందుకు?" అని ఒక సంఘపెద్ద అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ మనకు వచ్చింది. ఎదుటివాడు మొదలుపెట్టాకే పాటించమని ప్రభువు చెప్పలేదు. ఏలీయాకు దేవుడు గాలిలో, భూకంపంలో, అగ్నిలో కనబడలేదు. మెల్లని స్వరంతో మాట్లాడాడు.

అందుకే వచ్చే ఆదివారం నుంచి బయటి హారన్లు తీసేస్తున్నాం. లోపలి బాక్సులు చాలు. తెల్లవారుజాము ప్రార్థనకు మైకే ఉండదు. ఆ తాతగారిని చూడడానికి మాత్రం వెళ్దాం. సువార్త అలా కూడా వినబడుతుంది.

ప్రభువా, మా చప్పుడు తగ్గించి నీ స్వరం వినే చెవులు మాకివ్వు. ఆమేన్.