నడకకు పగ్ తగదు



ఉదయపు నడకకు తోడుగా చిన్న కుక్కను పెంచుకోమన్న మీ గత వారం వ్యాసం బాగుంది. అందులో మొదటి పేరు పగ్ కావడమే మింగుడుపడలేదు. 2003లో హచ్ మొబైల్ ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి ఆ కుక్క అందులోని పిల్లాడి వెంట ఎంత దూరమైనా వస్తుందని మనకో నమ్మకం. ప్రకటనలో మన ఎండ ఉండదు కదా! కుక్క ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. ముక్కు నొక్కుకుపోయిన పగ్‌కు ఆ గాలే సరిగా ఆడదు. మా విజయవాడలో ఏప్రిల్ నెలలో కాలువ గట్టు మీద ఓ పగ్ కాళ్లు బారజాపి, గురకపెడుతూ కూలబడితే యజమాని చంకనెత్తుకుని పోయాడు. షిట్జూదీ అదే బాధ, పైగా ఒళ్లంతా బొచ్చు.

నిజంగా నడిచేది కావాలంటే జాక్ రస్సెల్ టెర్రియర్ ఉంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో జాన్ రస్సెల్ అనే చర్చి మతగురువు నక్కల వేటకోసం పెంచిన కుక్కల సంతతి అది. అపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రౌండ్లకు తృప్తిపడదు; విసుగొస్తే సోఫా చీల్చేస్తుంది. ఉడత కనిపిస్తే మన కేక వినదు, గొలుసు వదలకండి. డాక్స్‌హండ్ హుషారైనదే గానీ నడుం పొడుగు, మెట్లమీంచి దూకనివ్వకూడదు. నన్నడిగితే ఇండియన్ స్పిట్జ్ మేలంటాను. ‘హమ్ ఆప్‌కే హై కౌన్’ సినిమాలోని టఫీ అదే జాతి. మొరుగుతుంది, కాదనను.

ఇంకొకటి. వేసవి సాయంత్రాల్లో బయల్దేరేముందు తారు రోడ్డుకు చెయ్యి ఆనించి చూడమని వ్యాసంలో ఎక్కడా లేదు. మనకు చెప్పులుంటాయి, దానికుండవు. వచ్చే సంచికలోనైనా ఆ మాట చేర్చగలరు.

– ఒక పాఠకుడు, విజయవాడ