మాత్ర వేసుకుంటే మామూలు మనిషేనా?

ఉద్యోగ దరఖాస్తులో ఒక గడి: 'ప్రస్తుతం ఏవైనా మందులు వాడుతున్నారా?' గ్యాస్ మాత్రయితే ఎవరైనా నిజమే రాస్తారు. డిప్రెషన్‌కు వాడేదైతే పెన్ను ఆగుతుంది.

ఆ ప్రశ్న ఎప్పుడు అడగొచ్చన్నదానికి అమెరికాలో చట్టముంది. 1990 నాటి వికలాంగుల చట్టం ప్రకారం, ఉద్యోగమిస్తామని చెప్పేదాకా యజమాని మందుల ఊసెత్తకూడదు. ఆ తర్వాత అడగొచ్చు, అదీ ఆ తరహా ఉద్యోగంలో చేరేవారందరినీ అడిగితేనే. జవాబు చూసి వెనక్కి తగ్గాలంటే, తగిన వెసులుబాటు కల్పించినా ఆ వ్యక్తి పని చేయలేడనో, ప్రమాదమనో చూపాలి.

ఇంత పకడ్బందీ చట్టానికీ చిల్లు పడింది. బీపీ ఎక్కువగా ఉందని ఒక మెకానిక్‌ను యునైటెడ్ పార్సెల్ సర్వీస్ తీసేసింది. మందులు వేసుకుంటే బాగానే ఉంటాడు కాబట్టి అతను వికలాంగుడే కాదని 1999లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఉద్యోగం పోవడానికి చాలిన జబ్బు, రక్షణ పొందడానికి చాలలేదన్నమాట! కాంగ్రెస్ (అమెరికా కాంగ్రెస్ లెండి) 2008లో చట్టాన్ని సవరించి ఆ తర్కాన్ని కొట్టేసింది. ఇప్పుడు మందుల ప్రభావాన్ని పక్కనపెట్టి జబ్బును చూడాలి.

మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం జాబితాలో మానసిక అనారోగ్యం ఉంది. వివక్ష కూడదనీ ఉంది. ఆ గడి దరఖాస్తులో ఉండొచ్చా అన్నది మాత్రం లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టమే నయం, ఉద్యోగానికి పరీక్షను షరతుగా పెట్టడాన్నే నిషేధించింది. మిగతా మాత్రల సంగతి దరఖాస్తుదారుకే వదిలేశారు. రాస్తే ఉద్యోగం రాదేమో, దాస్తే రేపు అదే సాకుతో తీసేస్తారేమో.