రివాల్వరు, పిస్తోలు పర్యాయపదాలు కావు

తెలుగు పండితుడికి తుపాకుల ఊసెందుకని చదువరులు నవ్వవచ్చు. నవ్వండి. కాని చివరిదాకా చదివి నవ్వండి.

మొన్న మామిడి కోతల వేళ నా పూర్వవిద్యార్థి ఒకడు ఇంటికి వచ్చాడు. చింతలపూడి చుట్టుపక్కల తోటలు గుత్తకు తీసుకొని రసాలూ బంగినపల్లీ అమ్ముకొనేవాడు. చేతిలో రొక్కం, రాత్రి ప్రయాణాలు. ఆయుధ లైసెన్సుకు దరఖాస్తు పెడతాడట. ఎన్.సి.సి. పిల్లలచేత నేను .22 రైఫిలు పట్టించిన రోజులు వాడు మరువలేదు.

"మాస్టారండీ, 9 ఎంఎం కన్నా చిన్నది కొంటే దండగని మా బావ అమెరికా నుంచి చెప్పాడండి. ఏ రివాల్వరు కొనమంటారండి?"

ఆ ప్రశ్నలో మూడు తప్పులున్నవి.

మొదటిది చట్టం తెలియకపోవడం. మన దేశంలో సైన్యమూ పోలీసులూ వాడుతున్న, ఒకప్పుడు వాడిన 9 ఎంఎం, .380, .455 తూటాలు పట్టే చేతి తుపాకులు నిషిద్ధ బోరు కిందికి వస్తవి. సామాన్యుడికి ప్రధానంగా మిగిలేవి .32, .22 మాత్రమే. 9 ఎంఎం మేలా, .45 మేలా అన్న అమెరికా తగవును మనం తలకెత్తుకోవడం పొరుగూరి పెళ్ళికి మన వాకిట్లో పందిరి వేయడమే.

రెండవది భాషాదోషం. సినిమాలూ పత్రికలూ చేతిలో ఇమిడే ప్రతి తుపాకినీ రివాల్వరనే అంటున్నవి. ఇది ప్రాణాంతకమైన దోషం. కాన్పూరు .32 రివాల్వరులో ఆరు తూటాలు తిరిగే సిలిండరులో ఉంటవి. తెరిచి చూస్తే ఆరు గదులూ కంటికి కనబడతవి. ఒక తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గరు నొక్కగానే తరువాతి గది ముందుకు వస్తుంది. ఇషాపూరు ‘అశని’ అలా కాదు, అది పిస్తోలు. తూటాలు పిడిలోని మాగజైనులో ఉంటవి. మాగజైను ఊడదీసినా గొట్టంలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. ఖాళీదే కదా అని నొక్కిన వేలికి ఆ ఒక్కటి చాలు. రెండింటినీ .32 అనే అంటారు గాని తూటాలు వేరు. రివాల్వరుది 1896 నాటి ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, పిస్తోలుది 1899లో బ్రౌనింగ్ రూపొందించిన ఏసీపీ. అంకె ఒకటే కదా అని ఒకదాని తూటా మరొకదానిలో వాడరాదు.

మూడవది అహంకారం. గుండు పెద్దదైతే రక్షణ పెద్దదవుతుందా? తూటా శక్తి పెరిగిన కొద్దీ అదురు పెరుగుతుంది, గురి చెదురుతుంది. తప్పిన గుండు దారిన పోయేవాడిని వెదుక్కుంటుంది. తుపాకి మరీ తేలికైనా చిక్కే, అదే తూటాకు చెయ్యి ఎక్కువగా అదురుతుంది. 2014లో ఆడవారికోసమని కాన్పూరు నుంచి వచ్చిన ‘నిర్భీక్’ అరకిలో బరువు, అప్పటి ధర లక్షా ఇరవై వేల పైచిలుకు. పేరు చక్కని సంస్కృతమే, భయం లేనిదని అర్థం. భయం పేరుతో పోదు, అభ్యాసంతో పోతుంది.

కనుక నా తీర్పు ఇది. అప్పుడప్పుడే అభ్యాసం చేయగలవాడికి .32 రివాల్వరు చాలు. క్రమం తప్పక సాధన చేసేవాడు పిస్తోలు పట్టవచ్చు. ఏ సాధనా చేయనివాడికి ఏ బోరూ తగదు. వాడి తుపాకి దొంగకు కానుక, ఇంట్లో పసివాడికి గండం.

"మరి నన్నేం చేయమంటారండి?" అన్నాడు.

"ముందు రొక్కం మోయడం మానరా. సొమ్ము బ్యాంకులో వేయించుకో" అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది. నా తీర్పు మారలేదు.