యంత్రం ఈసారి ఎటు పోతుందో!

1991లో వచ్చిన ‘ఆదిత్య 369’ను 2025 ఏప్రిల్‌లో మళ్ళీ హాళ్ళలో వేస్తే, పదేళ్ళ వయస్సునాటి అభిమానం కొద్దీ పోయి చూసివచ్చాను. ‘ఆదిత్య 999 మాక్స్’ పేరుతో దానికి కొనసాగింపు తీస్తామని బాలకృష్ణగారు 2024లోనే ప్రకటించారు.

సంతోషమే. అయితే సింగీతం శ్రీనివాసరావుగారి కాలయంత్రం గొప్పంతా, అది 1526కు పోయి రాయలవారి కొలువులో ఆగడంలో ఉంది. అక్కడ చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు! కొల్లిపరవాళ్ళం, తెనాలి పేరు వింటే ఊరుకుంటామా? ఆ తరువాతి 2504 రంగాలు నామటుకు నాకు చప్పగానే ఉంటాయి.

కొత్త చిత్రంలో గ్రాఫిక్సుకేం, లోటుండదు లెండి. యంత్రం వెనక్కి తిరగడమే మానేస్తుందేమోనని నా బెంగ. క్లాసులో భువనవిజయం అనగానే, “ఆ సినిమాలో చూశామండీ” అని కళ్ళు విప్పే పిల్లలు ఇప్పటికీ ఒకరిద్దరు తగులుతుంటారు. వాళ్ళ తమ్ముళ్ళకు ఏం చూపిస్తారో మరి!