వేపగింజ మనది, నూనె ధర ఎవరిది?

తొలకరి పడిందంటే పశువుల పాక గుంజలకు, కూరగాయల పందిళ్లకు పాతిన సర్వి కర్రలకు చెద పడుతుంది. పైన మట్టి గూడు, లోపల డొల్ల. తడి నిలిచిన చోట బూజు పట్టి కర్ర మెత్తబడుతుంది. పందిరి కూలితే కర్రలతోపాటు కాపూ పోతుంది.

దీనికి మనం క్లోరోపైరిఫాస్ నీళ్లు పోస్తున్నాం, లేదంటే ట్రాక్టర్ నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పూస్తున్నాం. పశువును కట్టేది ఆ గుంజకే. అది నాకేదీ ఆ గుంజనే.

మన పెద్దలు వేపనూనె, కానుగనూనె పూసేవారు. అది వట్టి నమ్మకం కాదు. వేపగింజలోని అజాడిరక్టిన్ చెదపురుగు తిండిని, ఎదుగుదలను దెబ్బతీస్తుంది. కానుగలోని కరంజిన్‌కూ పురుగును తరిమే గుణముంది. జీడితొక్క నూనెను పశ్చిమ తీరంలో జాలర్లు పడవలకు పూస్తారు. అయితే అది చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టరాదు.

వీటి పరిమితులూ చెప్పుకోవాలి. వానకు ఈ నూనెలు కొట్టుకుపోతాయి, ఎండకు వేప పస తగ్గుతుంది. బాగా ఎండిన కర్రకే పట్టించాలి, మళ్లీ మళ్లీ పూయాలి. ఎప్పుడూ తడిగా ఉండే నేలలో పాతిన కర్రకు ఇవి మాత్రమే చాలవు.

వేపనూనెతో బూజును అరికట్టే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంట్ పొందాయి. భారతదేశంలో ముందే వాడుకలో ఉందన్న సాక్ష్యం ముందు అది నిలవలేదు. 2000లో రద్దయింది, 2005లో అప్పీలునూ కొట్టేశారు. అక్కడ గెలిచాం. ఊళ్లో మాత్రం ఓడిపోతున్నాం. గింజ చెట్టు కింద కుళ్లిపోతోంది, లేదా దళారి చెప్పిన ధరకు పోతోంది. అదే నూనె సీసాలో తిరిగొస్తే అడిగినంత ఇచ్చి కొంటున్నాం.

అందుకే మేం డిమాండ్ చేస్తున్నాం. మండలానికొక నూనె గానుగ పెట్టి మహిళా సంఘాలకు అప్పగించాలి. వేప, కానుగ గింజలను గిట్టుబాటు ధరకు ప్రభుత్వమే కొనాలి. బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ, మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలు సర్వి, వెదురు, జామాయిల్ కర్రలపై ఈ నూనెలను పరీక్షించి, ఎంత మోతాదు, ఎన్నాళ్లు పనిచేస్తుందో తెలుగులో చెప్పాలి.

అప్పటిదాకా ఊరికే కూర్చోవద్దు. వేపపండ్లు రాలే కాలమిది. ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టండి. పది కర్రల్లో అయిదింటికి నూనె పట్టించి, అయిదింటిని ఉత్తగానే పాతండి. వచ్చే తొలకరికి రెండింటినీ పెకలించి గ్రామ సంఘం సమావేశానికి తీసుకురండి. అధికారుల ముందు మనం పెట్టాల్సిన సాక్ష్యం అదే.