తీరని బకాయి

1961 డిసెంబరు 5వ తేదీ. కాంగో దేశంలోని కటంగా ప్రాంతానికి ముఖ్యపట్టణమైన ఎలిజబెత్‌విల్ వద్ద సాయుధ దళాలు రహదారిని దిగ్బంధించాయి. ఆ దారిని విడిపించడానికి కొద్దిమంది గూర్ఖా సైనికులతో శత్రువుపైకి ఉరికిన భారత సేనాధికారి కెప్టెన్ గుర్‌బచన్‌సింగ్ సలారియా ఆ పోరులో నేలకొరిగాడు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరాలు. మరణానంతరం పరమవీరచక్ర ఆయనను వరించింది. ఆయన ప్రాణమిచ్చింది స్వదేశపు సరిహద్దు కోసం కాదు; ఐక్యరాజ్య సమితి పంపిన శాంతి పరిరక్షక దళంలో సభ్యుడిగా.

అదే కాలంలో న్యూయార్క్‌లోని సమితి కార్యాలయంలో మరొక పోరు సాగుతున్నది. ఆ దళాల ఖర్చును ఎవరు భరించాలి? సమితి వ్యయాన్ని సర్వప్రతినిధి సభ నిర్ణయించిన వాటాల ప్రకారం సభ్యదేశాలన్నీ భరించాలని చార్టర్‌లోని 17వ అధికరణం చెబుతున్నది. రెండేళ్ల వాటాకు సమానంగా బకాయి పడిన దేశం ఆ సభలో ఓటుహక్కు కోల్పోతుందని 19వ అధికరణం హెచ్చరిస్తున్నది. అయినా సోవియట్ యూనియన్ చెల్లించనన్నది. దళాలను పంపే అధికారం భద్రతా మండలిదే తప్ప సర్వప్రతినిధి సభది కాదని దాని వాదం. కాంగో ఖర్చు విషయంలో ఫ్రాన్సు కూడా మొండికేసింది. చివరకు ప్రశ్న అంతర్జాతీయ న్యాయస్థానానికి చేరింది. అది సమితి ఖర్చే అవుతుందని 1962 జూలైలో న్యాయమూర్తులు 9–5 ఆధిక్యంతో అభిప్రాయం చెప్పారు.

న్యాయం తేలినా సొమ్ము రాలలేదు. 1964లో సోవియట్ ఓటుహక్కును రద్దు చేయాలని అమెరికా పట్టుబట్టింది. అంతటి అగ్రరాజ్యాన్ని వెలివేస్తే సమితే చీలిపోతుందన్న భయంతో, ఓటింగు అవసరమయ్యే అంశాలను దాటవేస్తూ ఆ సమావేశాలను ఎలాగో నెట్టుకొచ్చారు. 1965 ఆగస్టులో అమెరికా ప్రతినిధి ఆర్థర్ గోల్డ్‌బర్గ్ పట్టు సడలించాడు. అయితే వెనుకకు తగ్గుతూనే ఒక మాట నమోదు చేయించాడు: ఇతరులు చెల్లించకుండా ఉండగలిగితే, బలమైన కారణాలున్నప్పుడు తమ దేశానికీ ఆ స్వేచ్ఛ ఉంటుందని.

ఆ మాట మూడు దశాబ్దాల తర్వాత పనికి వచ్చింది. సోమాలియా, బోస్నియాల కాలంలో శాంతిదళాల వ్యయం పెరిగింది. తన వాటా 30 శాతం దాటడంతో 25 శాతానికి మించి ఇవ్వరాదని అమెరికా కాంగ్రెస్ 1994లో చట్టం చేసింది. సమితి ఆ కోతను అంగీకరించలేదు. బకాయి వంద కోట్ల డాలర్లు దాటింది. 1999 నాటికి అమెరికా ఓటుహక్కుకే ముప్పు వచ్చింది. ఆ ఏడాది కుదిరిన హెల్మ్స్–బైడెన్ చట్టం 92.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నది గాని, తమ వాటా తగ్గించాలన్నది ముఖ్యమైన షరతు. 2000 డిసెంబరులో సాధారణ బడ్జెట్‌లో అమెరికా వాటా 25 నుండి 22 శాతానికి తగ్గింది. ఆ మార్పువల్ల ఏర్పడిన లోటును పూడ్చడానికి టెడ్ టర్నర్ అనే సంపన్నుడు 3.4 కోట్ల డాలర్లు తన జేబులోంచి ఇవ్వవలసి వచ్చింది. ప్రపంచశాంతికి ఒక వ్యాపారి దాతృత్వం ఆసరా కావడం చిత్రమే.

అమెరికా ఫిర్యాదులో న్యాయం లేదనలేము. ఒక్క దేశమే నాలుగోవంతుకు పైగా మోయడం సంస్థకూ క్షేమం కాదు. అయితే ఆ బరువు అకారణంగా మీద పడలేదు. వాటాలకు జాతీయాదాయం ఆధారం. వీటో అధికారం గల అయిదు దేశాలకు శాంతిదళాల ఖర్చులో అదనపు భారం ఉంటుంది. వీటో వద్దని ఆ అయిదింటిలో ఏదీ అనలేదు. పైగా ప్రతి మూడేళ్లకొకసారి వాటాల పట్టిక సవరిస్తారు. ఒకప్పుడు ఒక శాతం దరిదాపుల్లో ఉన్న చైనా వాటా 2025–27 కాలానికి శాంతిదళాల వ్యయంలో సుమారు 24 శాతానికి చేరింది. మార్పు కోరేవారు వాదించవలసిన చోటు అది. ఖజానాకు తాళం వేసి బేరమాడటం వేరు.

ఋణశేషాన్ని అగ్నిశేషంతో, శత్రుశేషంతో కలిపి చెప్పారు మన పెద్దలు. ఇక్కడ ఆ శేషపు వేడి తగిలేది అప్పుపడిన దేశానికి కాదు. సైనికుల జీతాలు ముందుగా వారి ప్రభుత్వాలే చెల్లిస్తాయి. సమితి ఒక్కొక్క సైనికునికి నెలకు సుమారు 1,400 డాలర్ల చొప్పున తరువాత తిరిగి ఇస్తుంది. వాటాలు రానప్పుడు ఆ చెల్లింపే ఆగిపోతుంది. 2019 మార్చి నాటికి సమితి భారతదేశానికి 3.8 కోట్ల డాలర్లు బాకీ ఉన్నది. రువాండా, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్ దేశాలకూ బాకీ ఉన్నది. అంటే ధనిక దేశాల బకాయిని పేద దేశాలు తమ బొక్కసాల నుండి వడ్డీ లేని అప్పుగా మోస్తున్నాయన్నమాట. శాంతిదళాల ఖర్చులో భారత్ చెల్లించే సొమ్ము ఒక శాతం కన్న తక్కువే, నిజం. కాని ఆ దళాలలో అసువులు బాసిన భారతీయులు సుమారు 180 మంది. ఆ పద్దు ఏ వాటాల పట్టికలోనూ కనిపించదు.

2025 అక్టోబరులో, నిధులు చాలనందున తొమ్మిది ప్రాంతాలలోని దళాలను సుమారు నాలుగోవంతు తగ్గిస్తున్నట్లు సమితి అధికారులు ప్రకటించారు. ఆ తొమ్మిదింటిలో కాంగో కూడా ఉన్నది.